నెబ్రాస్కా ప్రెయిరీలో గోల్ఫ్ కారు యాత్ర: ఎనిమిది రోజుల ప్లాన్ ఒకసారి చూసి చెప్పండి

బరంపురం ఫోర్‌బాల్

వచ్చే ఏడాది సెప్టెంబరు రెండో వారంలో అమెరికా గడ్డి మైదానాల్లో గోల్ఫ్ ఆడుతూ కారులో తిరగాలని నలుగురం అనుకుంటున్నాం. ముగ్గురం ఇక్కడి నుంచి వెళ్తాం. నాలుగోవాడు మా చిన్నాన్నగారి అబ్బాయి, ఉండేది ఒమాహాలోనే. వీసాలు హైదరాబాద్ కాన్సులేట్‌లో అయిపోయాయి. దసరాకి ఇంట్లో ఉండి తీరాలి కాబట్టి దొరికేది ఎనిమిది రోజులే.

రాసుకున్న ప్లాన్ ఇది. ఒమాహాలో దిగిన మర్నాడే కాన్సస్‌లోని ప్రెయిరీ డ్యూన్స్, అక్కణ్ణించి మలన్ దగ్గర శాండ్ హిల్స్ గోల్ఫ్ క్లబ్, తర్వాత వాలెంటైన్‌లో ప్రెయిరీ క్లబ్, అటు నుంచి నార్త్ డకోటా మెడోరాలో బుల్లీ పల్పిట్, తిరుగుదారిలో హోమర్ దగ్గర లాండ్‌మండ్. రోజుకో ఊరు, రోజుకో కోర్సు.

మా హ్యాండికాప్‌లు (ఆట స్థాయి చెప్పే అంకెలు, తక్కువైన కొద్దీ మెరుగు) 9, 14, 18, 24. ఆడేది ఎక్కువగా విశాఖ ఈస్ట్ పాయింట్‌లో, అప్పుడప్పుడు భువనేశ్వర్‌లో. ప్లాన్ కుదురుతుందా? అక్కడి గాలికి ఏం సిద్ధం కావాలి? సెట్లు మోసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? మాలో ఒకరు పూర్తి శాకాహారి, ఆయన భోజనం సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి పార్‌ఫోర్

ముందు రెండు పేర్లు కొట్టేయండి. ప్రెయిరీ డ్యూన్స్, శాండ్ హిల్స్ రెండూ ప్రైవేటు క్లబ్బులు. సభ్యుడు పిలిస్తే తప్ప డబ్బు కట్టి ఆడే వీలు లేదు. పిలిచేవాళ్లు ఉన్నా కూడా ఈ ఎనిమిది రోజుల్లో అవి ఇమడవు. ఒమాహా నుంచి ప్రెయిరీ డ్యూన్స్ ఉన్న హచిన్సన్ 300 మైళ్లు దాటుతుంది, అక్కణ్ణించి మలన్ మరో 400 మైళ్లు. మెడోరా అంటే వాలెంటైన్ నుంచి ఏడు గంటల పైమాటే. ఆట కంటే స్టీరింగ్ ఎక్కువ పట్టుకోవలసి వస్తుంది.

నెబ్రాస్కా ఒక్కటీ తీసుకుని చుట్టు తిరిగి రండి. ఒమాహా నుంచి పడమరకి ఐ-80 హైవే మీద గోథెన్‌బర్గ్ 240 మైళ్లు. అక్కణ్ణించి నార్త్ ప్లాట్ మీదుగా యూఎస్-83 ఎక్కి ఉత్తరానికి వాలెంటైన్ 165 మైళ్లు. వాలెంటైన్ నుంచి యూఎస్-20 మీద తూర్పుకి సౌత్ సూ సిటీ దాదాపు 240. పక్కనే హోమర్, అక్కణ్ణించి ఒమాహా 85. మొత్తం 730 మైళ్లు, మన లెక్కలో 1,175 కిలోమీటర్లు. ఒక్కో కదలికా నాలుగున్నర గంటలు దాటదు.

ఆ నేల సంగతి తెలిస్తే ఈ చుట్టు ఎందుకు చాలునో అర్థమవుతుంది. శాండ్‌హిల్స్ అనేది దాదాపు 50,000 చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బల ప్రాంతం. పశ్చిమార్ధ గోళంలో ఇంత పెద్ద దిబ్బల నేల మరొకటి లేదు. దిబ్బలన్నిటినీ గడ్డి వేళ్లు పట్టి ఉంచాయి. గడ్డి చెదిరిన చోట గాలి ఇసుకని తవ్వుకుపోయి గుంట చేస్తుంది. దాన్ని అక్కడ బ్లోఔట్ అంటారు. 1995లో తెరిచిన శాండ్ హిల్స్ క్లబ్‌ని బిల్ కూర్, బెన్ క్రెన్‌షా కట్టినప్పుడు మట్టి పెద్దగా కదపలేదు, ఆ గుంటలనే బంకర్లుగా, అంటే ఆటకి అడ్డం పెట్టే ఇసుక గుంటలుగా, వాడుకున్నారు. ఆ పనిలో ఉన్న డాన్ ప్రాక్టర్, డేవ్ ఆక్స్‌లాండ్ ఇద్దరూ తర్వాత గోథెన్‌బర్గ్‌లో వైల్డ్ హార్స్ కట్టారు. అది ఎవరైనా ఫీజు కట్టి ఆడే కోర్సు. కాబట్టి మలన్ తలుపు తెరుచుకోలేదని బాధపడనక్కర్లేదు. అదే చేతుల పని, అదే రకం నేల మీకు గోథెన్‌బర్గ్‌లో దొరుకుతుంది.

రోజుల వారీగా నేనైతే ఇలా వేస్తాను. శనివారం ఒమాహా చేరండి. ఆదివారం ఏమీ పెట్టుకోకండి. సెప్టెంబరులో మనకీ వాళ్లకీ తేడా పదిన్నర గంటలు, మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూసుకుపోతాయి. ఆ నిద్రమత్తులో ఐ-80 మీద 75 మైళ్ల వేగం ప్రమాదం. సోమవారం పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి గోథెన్‌బర్గ్. సాయంత్రం వైల్డ్ హార్స్ ప్రాక్టీస్ గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద గంటసేపు పటింగ్, అంటే బంతిని గుంటలోకి దొర్లించడం, చేసి పడుకోండి. మంగళవారం పొద్దున్న 18 హోల్స్, భోంచేసి వాలెంటైన్‌కి మూడు గంటలు. బుధ, గురువారాలు ప్రెయిరీ క్లబ్. శుక్రవారం సౌత్ సూ సిటీకి ప్రయాణం. శనివారం పొద్దున్న లాండ్‌మండ్, సాయంత్రానికి ఒమాహా, ఆదివారం విమానం. విమానం రోజు కలపకుండా ఎనిమిది రోజులు.

ప్రెయిరీ క్లబ్‌లో రెండు పూర్తి రోజులు తప్పనిసరిగా ఉంచండి. వాలెంటైన్‌కి దక్షిణాన 97వ నంబరు రోడ్డు మీద, తారు రోడ్డే. 2010లో తెరిచారు. టామ్ లేమన్ చేసిన డ్యూన్స్ కోర్సు పూర్తిగా ఇసుక దిబ్బల మధ్య, ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా కోసి ఉంచిన గడ్డి దారులు) చాలా వెడల్పు. గ్రాహమ్ మార్ష్ చేసిన పైన్స్ కొంత దిబ్బల్లోనూ కొంత స్నేక్ నది లోయ అంచున పాండరోసా పైన్ చెట్ల మధ్యా సాగుతుంది. సభ్యులకి ఒక కోర్సు, అతిథులకి ఇంకోటి, రోజు మార్చి రోజు ఇస్తారు. అందుకే ఒక్క రోజే ఉంటే ఒక్కటే ఆడగలరు. గదీ ఆటా కలిపిన ప్యాకేజీ తీసుకుంటే వెతుకులాట తగ్గుతుంది. అక్కడే హార్స్ కోర్స్ అని 10 హోల్స్ పార్-3, అంటే ఒక్కో హోల్ మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న కోర్సు, ఉంది. టీలు (మొదటి దెబ్బ కొట్టే చోట్లు) నిర్ణయించి ఉండవు, హోల్ గెలిచినవాడు తర్వాతి షాట్ ఎక్కణ్ణించి కొట్టాలో చెప్తాడు. 9కీ 24కీ మధ్య తేడా చెరిపేసే ఆట అది, మీ నలుగురికీ బాగా సరిపోతుంది.

టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, మరీ పొద్దున్న అడగకండి. వాలెంటైన్ సెంట్రల్ టైమ్ జోన్‌కి పడమటి కొసన ఉంది. సెప్టెంబరు మధ్యలో అక్కడ సూర్యోదయం ఏడూ ఇరవై దాటాక. దానికి తగ్గట్టు సాయంత్రం వెలుగు ఎనిమిది దాకా దొరుకుతుంది, రెండో రౌండు అటు పెట్టుకోండి. మీ చుట్టులో ఊళ్లన్నీ సెంట్రల్ టైమే. మలన్ వైపో ఒగలాలా వైపో పోతే మాత్రం మౌంటెన్ టైమ్, ఒక గంట వెనక్కి. ఫోను గడియారం తనంతట తను మారిపోతుంది, టీ టైమ్ మారదు.

గరిక నేల, రాయగడ

దారి సంగతి పైన అన్నగారు చెప్పారు, నేను గాలీ గడ్డీ చెప్తాను. మీ స్కోరు పాడయ్యేది ఈ రెండింటి దగ్గరే.

మన దగ్గర ఫెయిర్‌వేలో ఉండేది గరిక, అంటే బర్ముడా రకాలు. వెచ్చటి నేల గడ్డి. బంతి ఆకుల మీద కొంచెం లేచి కూచుంటుంది, కింద మట్టి వానాకాలంలో మెత్తగా ఉంటుంది. అక్కడ ఫెస్క్యూ, బ్లూగ్రాస్ లాంటి చలి గడ్డి, కింద ఇసుక. నీళ్లు పడీపడగానే ఇంకిపోతాయి, నేల గట్టిగా ఉంటుంది. బంతి నేలకి అంటుకుని కూచుంటుంది. 60 డిగ్రీల వెడ్జ్ (దగ్గరి ఎత్తు షాట్ల క్లబ్) ఎక్కువ బౌన్స్ (క్లబ్ అడుగు భాగపు వాలు) ఉన్నది తీసుకెళ్తే అడుగు అంచు నేలకి కొట్టుకుని ఎగిరి బంతి నడుముకి తగులుతుంది, బంతి గ్రీన్ దాటి ముప్ఫై గజాలు పోతుంది. ఆ వెడ్జ్ 4 నుంచి 8 డిగ్రీల బౌన్స్‌లో ఉండాలి. బంకర్లకి మాత్రం 54 గానీ 56 గానీ, 10 నుంచి 14 బౌన్స్‌ది వేరే పెట్టుకోండి. బ్లోఔట్ ఇసుక మెత్తగా, లోతుగా ఉంటుంది, తక్కువ బౌన్స్ వెడ్జ్ అందులో దిగబడిపోతుంది.

గ్రీన్ చుట్టూ ఎత్తు షాట్లు మానేయడమే మంచిది. గ్రీన్‌కి 15, 20 గజాల ముందు నేల మీద బంతిని దించి దొర్లించండి. 8 ఐరన్‌తో బంప్ అండ్ రన్ అనే ఆ దొర్లే షాట్, లేకపోతే నేరుగా పటర్, అంటే గ్రీన్ మీద వాడే క్లబ్. ఫెయిర్‌వే నుంచి గ్రీన్ దాకా గడ్డి ఒకే తీరున నున్నగా కోసి ఉంటుంది కాబట్టి పటర్ నలభై గజాల నుంచైనా పని చేస్తుంది. ఈ షాట్ ఇక్కడే అలవాటు చేసుకోవాలంటే గరిక మీద కుదరదు, బంతికి ఆకులు అడ్డుపడతాయి. మార్చి, ఏప్రిల్‌లో నేల ఎండి గట్టిపడ్డ చోట, ఆకు లేని చోట వేసి చూడండి.

ఇక గాలి. అక్కడ 15 నుంచి 20 మైళ్ల గాలి మామూలు సంగతి. 20 మైళ్లంటే గంటకి 32 కిలోమీటర్లు. ఎదురుగాలి ప్రతి మైలుకీ దూరం ఒక శాతం పెంచి లెక్క కట్టండి. వెనక గాలి ప్రతి మైలుకీ అర శాతం మాత్రమే తగ్గించండి. 150 గజాల షాట్‌కి 20 మైళ్ల గాలి ఎదురైతే 180 లెక్కన క్లబ్ తియ్యాలి, వెనక నుంచి వస్తే 135. రెండు వైపులా సమానం అనుకుంటారు, కాదు. ఎదురుగాలిలో బంతి వెనక్కి తిరిగే స్పిన్ దాన్ని ఇంకా పైకి లేపుతుంది, అక్కడే గాలి దాన్ని ఆపేస్తుంది. వెనక గాలిలో ఆ ఎత్తు తగ్గిపోతుంది కాబట్టి లాభం సగమే.

గట్టిగా కొట్టి గాలిని దాటించాలని చూడకండి. గట్టిగా కొట్టిన కొద్దీ స్పిన్ పెరుగుతుంది, బంతి గాలిలో నిలబడిపోయి దగ్గర్లోనే పడుతుంది. రెండు క్లబ్బులు ఎక్కువ తీసుకుని, గ్రిప్ అంగుళం కిందకి పట్టుకుని, బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి పెట్టి ముప్పావు స్వింగ్ చేయండి. ఫాలో త్రూలో చేతులు ఛాతీ ఎత్తు దగ్గరే ఆపేయండి. దీన్ని గట్టిగా అలవాటు చేసుకోండి, యాత్ర మొత్తంలో ఎక్కువ వాడేది ఈ షాటే.

పటింగ్‌లో కూడా గాలి ఉంటుంది. కాళ్లు మామూలు కంటే వెడల్పుగా పెట్టి నిలబడండి. గ్రీన్ల వేగం కావాలనే కొంచెం తగ్గించి ఉంచుతారు, లేకపోతే గాలికి బంతి కదిలిపోతుంది. చూడ్డానికి నెమ్మదిగా ఉన్నాయని గట్టిగా కొడితే వాలు వైపు పడి గ్రీన్ దిగిపోతుంది. అక్కడి గ్రీన్ల మీది బెంట్‌గ్రాస్ అనే గడ్డికి మన బర్ముడా గ్రీన్లకి ఉన్నంత గ్రెయిన్ (ఆకులు ఒక వైపు వాలడం) ఉండదు కాబట్టి గడ్డి మొగ్గు చూసి చదివే అలవాటు పక్కన పెట్టి వాలు మాత్రమే చూడండి.

ఎత్తు సంగతి చిన్నది. గోథెన్‌బర్గ్, వాలెంటైన్ రెండూ 2,500 అడుగుల పైన ఉన్నాయి. ప్రతి వెయ్యి అడుగులకీ ఒక శాతం పైచిలుకు లెక్కన 150కి నాలుగు గజాలు కలుస్తాయి. పొద్దున్న చల్లదనం దాన్ని తినేస్తుంది. సెప్టెంబరు మధ్యలో తెల్లవారి 8, 10 డిగ్రీలు, మధ్యాహ్నం 27 కూడా పోవచ్చు. పల్చటి స్వెటర్ మీద గాలి ఆపే జాకెట్ వేసుకోండి, వేడెక్కాక తీసేయొచ్చు. గాలి పొడిగా ఉంటుంది, బరంపురం ఉక్కపోతకి అలవాటైన చేతులకి పాత గ్రిప్పులు జారతాయి. అరిగినవి బయల్దేరే ముందు మార్పించండి.

టీలు వెనక్కి వెళ్లి ఎంచుకోకండి. 5 ఐరన్ కొట్టే దూరాన్ని 36తో గుణిస్తే మీకు సరిపోయే కోర్సు పొడవు వస్తుంది. 160 గజాలైతే 5,760. ఆ గాలిలో ఇంకా 200 గజాలు తగ్గించినా తప్పు లేదు.

జయపురం దారి

కారు, సామాన్ల సంగతి.

కారు మినీవ్యాన్ తీసుకోండి, ఎస్‌యూవీ కాదు. పాసిఫికా, సియెన్నా లాంటివి. నాలుగు గోల్ఫ్ బ్యాగులూ నాలుగు పెట్టెలూ మామూలు ఎస్‌యూవీ డిక్కీలో పట్టవు. మినీవ్యాన్‌లో మూడో వరస నేలలోకి మడిచేస్తే నలుగురు కూర్చుని మొత్తం సామాను పడుతుంది. కారు మీ చిన్నాన్నగారి అబ్బాయి పేరు మీద తీసుకుంటే మంచిది. ఆయన సొంత కారు బీమా అద్దె కారుకి కూడా వర్తిస్తుందేమో ముందే కంపెనీని అడిగి తెలుసుకోమనండి. మీలో ఇంకొకరిని అదనపు డ్రైవరుగా ఒప్పందంలో రాయించండి. రాయించని మనిషి నడిపితే బీమా చెల్లదు. మీ పేరు మీదే తీసుకుంటే ఎదుటివారి నష్టానికి లయబిలిటీ కవరేజీ విడిగా కొనాలి, అద్దె కారుతో వచ్చేది చాలా తక్కువ.

మన స్మార్ట్ కార్డు లైసెన్సులో వివరాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి చాలా అద్దె కంపెనీలు ఒప్పుకుంటాయి. అయినా ఆర్టీఓలో ఫారం 4-ఏ పెట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చాలదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాలి.

పెట్రోలు దగ్గర మనవాళ్లు రెండు చోట్ల చిక్కుకుంటారు. ఒకటి, పంపు దగ్గర కార్డు పెడితే అయిదంకెల జిప్ కోడ్ అడుగుతుంది, మన కార్డుకి అది ఉండదు. లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి ముందుగా డబ్బు కట్టండి, మిగిలింది వాపసు ఇస్తారు. రెండు, నెబ్రాస్కా మొక్కజొన్న రాష్ట్రం, పంపుల మీద ఇథనాల్ రకాలు చాలా ఉంటాయి. ఈ-85 ధర తక్కువ కనిపిస్తుంది. కారు ఫ్లెక్స్ ఫ్యూయల్ అని మూత మీద రాసి లేకపోతే అది పోయకండి, ఇంజిన్ సరిగా నడవదు. 87 ఆక్టేన్ మామూలుది చాలు. గ్యాలన్‌కి 24 మైళ్ల లెక్కన మీ చుట్టుకి 30 గ్యాలన్లు, అంటే 115 లీటర్లు.

నార్త్ ప్లాట్‌లో ట్యాంకు నింపండి. అక్కణ్ణించి థెడ్‌ఫోర్డ్ 65 మైళ్లు, థెడ్‌ఫోర్డ్ నుంచి వాలెంటైన్ మరో 66. ఆ రెండో ముక్కలో పంపు దొరుకుతుందని నమ్ముకోకండి. ఫోను సిగ్నలు కూడా మధ్యలో పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు వరుసల రోడ్డు, ఎక్కువ చోట్ల 65 మైళ్ల పరిమితి. రోడ్డు తిన్నగా ఖాళీగా ఉంటుంది, కాని పొద్దు వాలాక జింకలు దాటుతాయి. గుద్దితే కారు అక్కడే ఆగిపోతుంది, సాయం రావడానికి గంట పడుతుంది. చీకటి పడేలోగా వాలెంటైన్ చేరేటట్టు మంగళవారం గోథెన్‌బర్గ్‌లో రెండింటికల్లా బయల్దేరండి.

కోర్సులో బీరు తాగి కారు ఎక్కకండి. రక్తంలో 0.08 శాతం దగ్గర కేసు. మూత తీసిన సీసా కారులో ఉన్నా నేరమే, తాగింది డ్రైవరు కాకపోయినా. మధ్యలో మిగిలిన క్యాన్లు క్లబ్ దగ్గరే పారబోసి రండి.

సెట్లు మోసుకెళ్లండి. నాలుగు రౌండ్లకి అద్దె సెట్లు తీసుకుంటే ఖర్చు పెరుగుతుంది, మీ దూరాలు మీకు తెలియకుండా పోతాయి. ఆ గాలిలో దూరం తెలియకపోవడం పెద్ద నష్టం. టికెట్లు మాత్రం భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో ఒమాహా దాకా ఒకే పీఎన్ఆర్‌లో కొనండి. ఢిల్లీ దాకా విడిగా కొంటే ఆ ముక్కకి దేశీయ 15 కిలోల పరిమితే వర్తిస్తుంది, గోల్ఫ్ బ్యాగుకి అక్కడే వాయింపు పడుతుంది. అంతర్జాతీయ టికెట్‌లో 23 కిలోల లోపు ఉంటే చాలా సంస్థలు మామూలు బ్యాగుగానే తీసుకుంటాయి. పొడవు నియమం సంస్థని బట్టి మారుతుంది, మీ సంస్థ పేజీలో క్రీడా సామగ్రి అన్న చోట చదవండి. డ్రైవర్ తలని విప్పి బట్టల్లో చుట్టండి. విప్పలేని క్లబ్బులకి బ్యాగులో వాటన్నిటి కంటే పొడవైన గట్టి కర్ర ఒకటి నిలబెట్టండి, బ్యాగు తలకిందులైనా బరువు కర్ర మీద పడుతుంది, షాఫ్టులు విరగవు. రేంజ్‌ఫైండర్ విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

బూట్లూ క్లబ్బులూ శుభ్రంగా కడిగి ఎండబెట్టి సర్దండి. మట్టి అంటి ఉంటే అమెరికా కస్టమ్స్ వాళ్లు ఆపుతారు, కడిగించి పంపుతారు, తర్వాతి విమానం తప్పిపోవచ్చు. తినే వస్తువులు ఏం ఉన్నా ఫారంలో ఉన్నాయనే రాయండి. ఆవకాయ, అప్పడాలు రాస్తే చూసి వదులుతారు, రాయకపోతే జరిమానా. మాంసం కలిసినవి అసలు పెట్టకండి.

శాకాహారికి వాలెంటైన్‌లో కష్టమే, అది పశువుల మేత సీమ, హోటల్లో బంగాళాదుంపలూ సలాడూ తప్ప పెద్దగా ఉండవు. ఇక్కణ్ణించి రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి. మనది 230 వోల్టులు, అక్కడ 120. అదే కుక్కర్ నాలుగో వంతు వేడి మాత్రమే ఇస్తుంది, అన్నం ఉడకదు. ఒమాహాలో చిన్న కుక్కర్ ఒకటి కొని, అక్కడి ఇండియన్ కొట్లో బియ్యం, పప్పు, పొడులు తీసుకుని కారులో పెట్టండి. పెరుగు చిన్న ఊళ్లలో కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, తియ్యనిది, ఏ రుచీ కలపనిది అని చూసి తీసుకోవాలి. గదిలో వంట ఒప్పుకుంటారో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, కొన్ని చోట్ల పొగ అలారం మోగుతుంది.

బరంపురం ఫోర్‌బాల్

అందరికీ ధన్యవాదాలు. ప్లాన్ మార్చేశాం, పార్‌ఫోర్ అన్నగారు వేసిన చుట్టే. ఇంకో రెండు సందేహాలు. ఆ పొడుగు గడ్డిలో బంతి పోతే వెతుకుతూ కూచోవాలా? 9 నుంచి 24 దాకా ఉన్న నలుగురు పందెం పెట్టుకుంటే హ్యాండికాప్ ఎలా పంచుకోవాలి?

గుణుపురం స్కోర్‌కార్డు

వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే. 2019 నిబంధనల్లో అయిదు నుంచి తగ్గించారు. అందుకే టీ మీద అనుమానం వస్తే అక్కడే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే వాడే బంతి) అని చెప్పి రెండో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే మొదటి బంతి పోయినట్టే లెక్క, దొరికినా పనికిరాదు. వెనక్కి నడిచి వెళ్లి మళ్లీ కొట్టడం ఆ కొండల్లో ఆటని ఆపేస్తుంది. ఈ-5 అనే స్థానిక నిబంధన అమలులో ఉందేమో స్కోర్‌కార్డు వెనక చూడండి. ఉంటే బంతి పోయిన చోటికి దగ్గరి ఫెయిర్‌వే అంచు నుంచి రెండు క్లబ్ పొడవుల లోపు లోపలికి వచ్చి రెండు స్ట్రోకుల శిక్షతో డ్రాప్ చేసుకోవచ్చు. కార్డులో లేకపోయినా మీలో మీ ఆటకి ముందే ఒప్పుకుని వాడుకోండి, ఆ స్కోరు పోటీకి పంపడం లేదు కదా.

గడ్డిలోకి చెయ్యి పెట్టకండి, క్లబ్బుతో ముందు తడమండి. ప్రెయిరీ రాటిల్‌స్నేక్ ఆ ప్రాంతపు పామే. యుక్కా ఆకుల మొనలు సూదులు. శాండ్‌బర్ ముళ్లు పల్లేరు కాయల్లా సాక్సుకి పట్టుకుంటాయి. నిండు ప్యాంటు వేసుకుని పొట్టి షార్టులు హోటల్లోనే వదిలేయండి. రౌండు అయ్యాక మోకాళ్ల కింద టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి. మనిషికి రౌండుకి అరడజను బంతుల లెక్కన తీసుకెళ్తే సరిపోతుంది.

పందానికి ముందు ప్రతి కోర్సుకీ కోర్సు హ్యాండికాప్ కట్టాలి. మీ ఇండెక్స్‌ని (పైన మీరు చెప్పిన హ్యాండికాప్) ఆ టీ స్లోప్‌తో (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించండి, వచ్చినదానికి కోర్సు రేటింగ్ (హ్యాండికాప్ సున్నా ఉన్నవాడికి పడే దెబ్బలు) నుంచి పార్ తీసేసినంత కలపండి. ఉదాహరణకి స్లోప్ 130, రేటింగ్ 70.5, పార్ 72 అనుకుంటే, 18 ఇండెక్స్‌కి 20.7 వస్తుంది, దానిలో ఒకటిన్నర పోగా 19.2, అంటే 19. ఫోర్‌బాల్ మ్యాచ్ ప్లేలో (ఇద్దరిద్దరు జట్టుగా, హోల్ హోల్‌కీ గెలుపు చూసే ఆట) దాంట్లో 90 శాతం తీసుకుని, అందరిలో తక్కువ ఉన్నవాడు సున్నా నుంచి ఆడాలి, మిగతావాళ్లకి తేడా ఇవ్వాలి. 9తో 24ని, 14తో 18ని జతచేస్తే సరిగ్గా తూగుతుంది. ఫోర్‌బాల్ స్ట్రోక్ ప్లే (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆట) అయితే 85 శాతం. గాలి బాగా ఉన్న రోజు స్టేబుల్‌ఫోర్డ్ (ఒక్కో హోల్‌కి పాయింట్లు వేసే పద్ధతి) ఆడండి, హోల్ పాడైతే బంతి ఎత్తేసి తర్వాతి హోల్‌కి వెళ్లిపోవచ్చు, వెనకవాళ్లు ఆగరు.

కోరాపుట్ బ్యాక్‌నైన్

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. నాకు పది పన్నెండు రోజులు దొరుకుతాయి. నార్త్ డకోటా కూడా కలపొచ్చా?

పర్లాకిమిడి పార్‌ఫోర్

పన్నెండైతే కలపొచ్చు, పదైతే వద్దు. వాలెంటైన్ నుంచి అదే యూఎస్-83 పట్టుకుని పియర్ మీదుగా ఉత్తరానికి పోతే బిస్మార్క్ వస్తుంది, అయిదున్నర గంటల పైనే. అక్కడ హాక్‌ట్రీ, జిమ్ ఎంగ్ చేశారు, 2000లో తెరిచారు. బంకర్లలో ఇసుక బదులు బొగ్గు బూడిద గుల్ల, నల్లగా ఉంటుంది. బిస్మార్క్ నుంచి ఐ-94 మీద పడమరకి మెడోరా 135 మైళ్లు. బుల్లీ పల్పిట్ 2004లోది, మైకేల్ హర్డ్‌జన్ పని. చివరి హోల్స్ బ్యాడ్‌లాండ్స్ మట్టి కొండల మీదికి ఎక్కుతాయి, అక్కడ కార్టు తీసుకోండి. అటు వెళ్లేవాళ్లు లాండ్‌మండ్ వదిలేసి బిస్మార్క్ నుంచే విమానం ఎక్కేటట్టు చూసుకుంటే ఒకే దారిన రెండుసార్లు తిరగక్కర్లేదు. ఒక ఊళ్లో తీసుకున్న కారు ఇంకో ఊళ్లో వదిలితే అదనపు రుసుము ఉంటుంది, అది ముందే లెక్కలో వేసుకోండి.

బరంపురం తమ్ముడికి బుకింగ్ వరస చెప్తాను, ఇది తప్పితే మొత్తం చుట్టు కదిలిపోతుంది. మొదట లాండ్‌మండ్. 2022లో తెరిచారు, రాబ్ కాలిన్స్, టాడ్ కింగ్ చేశారు, పార్ 73. ఇది ఇసుక దిబ్బ కాదు, లోయెస్ అనే, గాలి మోసుకొచ్చిన సన్నటి మట్టి కొండలు. గ్రీన్లు మామూలు కోర్సుల కంటే చాలా పెద్దవి. సీజన్ టీ టైమ్‌లు ఏడాది మొదట్లో ఒకేసారి ఇస్తారు, చాలా త్వరగా అయిపోతాయి. తేదీ ప్రకటించిన రోజునే నలుగురి వివరాలూ కార్డూ పక్కన పెట్టుకుని కూచోండి. మన గడియారానికీ వాళ్లదానికీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, అది గుర్తుంచుకోండి. శనివారం దొరక్కపోతే శుక్రవారం మధ్యాహ్నం తీసుకుని వాలెంటైన్‌లో తెల్లవారకుండానే బయల్దేరకండి, జింకల సంగతి పైన చదివారు. దానికి బదులు గురువారం రాత్రికే తూర్పుకి వచ్చేయొచ్చు, ప్రెయిరీ క్లబ్‌లో రెండో రౌండు పొద్దున్నే అయిపోయేటట్టు పెట్టుకుంటే.

లాండ్‌మండ్ ఏ రోజూ దొరక్కపోతే దారిలో నయోబ్రారా ఊరి దగ్గర టటంక ఉంది, శాంటీ సూ జాతివారిది, ఎవరైనా ఆడొచ్చు. అదీ కాకపోతే ఒమాహాకీ లింకన్‌కీ మధ్య యాష్‌లాండ్ దగ్గర క్వారీ ఓక్స్, ప్లాట్ నది ఒడ్డున చెట్ల మధ్య కోర్సు. దిబ్బల ఆట కాదు, కాని విమానం రోజుకి ముందు దగ్గర్లో ఉంటుంది.

లాండ్‌మండ్ తేదీ ఖాయమైన తర్వాతే ప్రెయిరీ క్లబ్ గదులు, ఆ తర్వాత విమానం, చివర్లో వైల్డ్ హార్స్. వైల్డ్ హార్స్ మంగళవారం పొద్దున్న దొరకడం అంత కష్టం కాదు, కాని ఆ రోజు స్థానిక లీగ్ గానీ టోర్నమెంట్ గానీ ఉందేమో ఫోన్ చేసి అడగండి. రద్దు చేస్తే డబ్బు వాపసు ఎన్ని రోజుల ముందు దాకా ఇస్తారో మూడు చోట్లా రాసుకుని ఒక కాగితం మీద పెట్టుకోండి. ఉరుములు మొదలైతే ఆట ఆపేస్తారు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. అలా పోయిన రౌండుకి డబ్బు ఇస్తారా, మళ్లీ ఆడుకోమని చీటీ ఇస్తారా అన్నది కూడా అదే ఫోనులో అడగండి. చీటీ ఇస్తే మీకు ఉపయోగం లేదు, మళ్లీ అంత దూరం ఎప్పుడు వెళ్తారు. ఎన్ని హోల్స్ లోపు ఆగితే డబ్బు తిరిగి ఇస్తారో తెలుసుకుని అప్పుడు కార్డు నంబరు ఇవ్వండి.